ఎక్కిళ్ళూ, లిఫ్టూ, తొట్టి స్నానమూ

లాగ్ 1

చందమామ దక్షిణపు కొసన, ఎండ పొడ తగలని లోయలో, మంచు తవ్వే ఊరొకటుంది. పేరు మంచుగూడెం. ఇక్కడ మేడలు పైకి కట్టరు, కిందికి తవ్వుతారు. అన్నిటికన్నా పైన గాజు గోపురం, దాని కింద అంతస్తు తరవాత అంతస్తు. ఈ రోజు నేను ఈ ఊరికి ప్రకృతి వైద్యురాలిగా వచ్చి చేరాను. నా పేరు సువర్చల. సామానులో బట్టలకన్నా పుట్టమన్ను ఎక్కువుందని ఓడవాళ్ళు సణిగారు.

నాకిచ్చిన గది ఒకప్పుడు ఉల్లిపాయల కొట్టు. ఇప్పటికీ ఆ వాసన పోలేదు. కుడివైపు గదిలో దేహమిత్ర అనే యంత్రం ఉంది, అది ఒళ్ళు చూస్తుంది. ఎడమవైపు గదిలో మనోమిత్ర ఉంది, అది మనసు చూస్తుంది. ఒకదానికి తెలిసింది ఇంకొకదానికి చెప్పకూడదని ఇక్కడి చట్టం. ఆమధ్య ఒకాయనకి కడుపునొప్పి వస్తే, కడుపు బాగానే ఉంది, మనసు చూపించుకోమని దేహమిత్ర పంపిందట. మనసు బాగానే ఉంది, కడుపు చూపించుకోమని మనోమిత్ర పంపిందట. ఆయన ఈ రెండు గదుల మధ్య తిరిగి తిరిగి చిక్కిపోయాడట. ఆ తరవాతే, మధ్యలో ఒక మనిషిని పెడదామని పర్యవేక్షకుడు సింహాద్రి గారు నన్ను పిలిపించారు.

"మీరు ఒళ్ళు చూస్తారా, మనసు చూస్తారా?" అని అడిగారు ఆయన.

"ఒళ్ళేనండీ. మట్టి, నీళ్ళు, ఉపవాసం. ఈ మూడూ సరిగ్గా పడితే మనసు దానంతట అదే దారికొస్తుంది" అన్నాను.

చదువుకునే రోజుల్లో మనసు మీద ఒక పుస్తకం ఉండేది. దాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

లాగ్ 2

మొదటి రోగి వచ్చాడు. పేరు యాదగిరి, నల్లగొండవైపు మనిషి. ఈ ఊరి వంటవాడు. వంటవాడంటే మొన్నమొన్నటివరకూ. తిండికి టైము వృథా అవుతోందని ఈ ఊరు నడిపే కంపెనీ భోజనశాల మూసేసింది. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళకి, గోడలో ఉన్న కంతలోంచి ముద్ద వచ్చి పడుతుంది. యాదగిరి ఆ యంత్రంలో పిండి నింపుతుంటాడు.

"ఏం జెప్పాలె డాక్టరమ్మా. పొద్దుగాల్నుంచి ఇదే. ఎక్. ఎవలో యాది జేస్తున్నరనుకొని అందరి పేర్లు దల్సుకున్న. అమ్మ, అక్క, మా పెద్దబాపు. ఆఖరికి, ఎక్, నాకు బాకీ ఉన్నోని పేరు గూడ జెప్పిన. ఆగుతలేదు."

పడుకోబెట్టి పొట్ట మీద చల్లని మట్టి పట్టీ వేశాను. వెన్నుకి తడిగుడ్డ చుట్టాను. అరగంట తరవాత కూడా ఎక్కిళ్ళు తగ్గలేదు. మట్టి పని చెయ్యడానికి కాస్త వ్యవధి కావాలని చెప్పి పంపాను. సాయంత్రం వచ్చి, పూర్తిగా ఆగిపోయాయని చెప్పాడు. నాకు ఎంత గర్వమేసిందంటే, రెండు యంత్రాలకీ వినబడేట్టు తలుపు తెరిచి పెట్టి మరీ ఇంకోసారి చెప్పించుకున్నాను.

లాగ్ 4

ఎక్కిళ్ళు ఊరంతా పాకాయి. మంచు తవ్వేవాళ్ళు, గాలి శుభ్రం చేసేవాళ్ళు, లెక్కలవాళ్ళు, అందరికీ అవే. ముద్ద తిన్న కాసేపటికి మొదలవుతున్నాయి.

దీనికి తోడు లిఫ్టుల గొడవొకటి. ఇక్కడి యంత్రాలన్నీ ఒకే చోట తెలుగు నేర్చుకున్నాయి. "ఎక్కు" అంటే పైకి, "దిగు" అంటే కిందికి. లిఫ్టులో నిలబడి "ఎక్" అనగానే అది పైకి పోతోంది. పైకి పోతుంటే మళ్ళీ ఎక్కిలి వస్తుంది, ఇంకా పైకి పోతుంది. ఎక్కిళ్ళున్న ప్రతి మనిషీ చివరికి గాజు గోపురంలో తేలుతున్నాడు. కిందికి రావాలంటే ఎక్కిలి రాకుండా "దిగు" అనాలి. అది అంత తేలిక కాదు.

కానీ నా వైద్యం గొప్పగా పని చేస్తోంది. పొద్దున్న మట్టి పట్టీ వేయించుకుని వెళ్ళినవాళ్ళు, గోపురంలో చిక్కుకుని, సాయంత్రానికి నయమై కిందికి వస్తున్నారు. పుట్టమన్ను పొదుపుగా వాడాలి.

లాగ్ 5

పుట్టమన్ను అయిపోయింది. బయట ఇంత మన్నుండగా దిగులెందుకని కాస్త చంద్రుడి దుమ్ము తెప్పించి, తడిపి, ముందు నా చేతికే రాసుకుని చూశాను. గాజుపొడి పూసుకున్నట్టు గీరుకుపోయింది. ఆ చేతికి పూయడానికి మన్ను లేదు. చివరికి దేహమిత్ర మందు రాసింది. రాస్తున్నంతసేపూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

ఇక నీళ్ళే గతి. తొట్టి స్నానానికి నీళ్ళు కావాలని సింహాద్రి గారిని అడిగితే, ముందు తన మీదే చేసి చూపించమన్నారు. అప్పటిదాకా ఆయనకీ ఎక్కిళ్ళున్నాయని ఎవరికీ తెలియదు. మాట్లాడుతూ మధ్యలో దగ్గినట్టు నటించి దాచుకుంటున్నారు.

తొట్టిలో నడుము మునిగేంతవరకు చల్లని నీళ్ళు పోసి, తువ్వాలు కట్టించి కూర్చోబెట్టాను. ఇక్కడ మనుషుల బరువు ఎంత తక్కువో నేను మరిచిపోయాను. ఆయనకి గట్టి ఎక్కిలి వచ్చింది. ఆయనా, ఆయనతోపాటు తొట్టిలో నీళ్ళూ మెల్లగా పైకి లేచారు. నీళ్ళు కప్పుకి తగిలాయి. ఆయన తల కూడా తగిలింది.

"డాక్టర్ గారూ, ఇదీ వైద్యంలో భాగమేనా?" అని పైనుంచి అడిగారు.

"భాగమేనండీ" అన్నాను.

ఆయన నెమ్మదిగా కిందికి వచ్చి తొట్టిలో కూర్చున్నారు. నీళ్ళు మాత్రం తొట్టిలోకి రాలేదు. గుమ్మం దాటి మనోమిత్ర గదిలోకి పారాయి. లోపలినుంచి ఆ యంత్రం మెత్తని గొంతుతో, "ఇక్కడ ఎవరో చాలాసేపు ఏడ్చినట్టున్నారు. మనసు విప్పి మాట్లాడుకుందామా?" అంది.

సింహాద్రి గారు తువ్వాలు బిగించుకుంటూ, "ఇంకో అయిదు రోజుల్లో ఓడొస్తంది. కొత్త పనోళ్ళంతా అందులోనే ఉన్నారు. ఈలోగా ఈ ఎక్కిళ్ళు కట్టకపోతే కంపెనీ ఊరు మూసేసి అందర్నీ భూమికి పంపేస్తాదండి. మీరేటి సేస్తారో మరి" అన్నారు. ఆయన మామూలుగా పుస్తకంలో మాటల్లా మాట్లాడతారు. గాభరాపడినప్పుడు మాత్రం విజయనగరం బయటపడుతుంది.

లాగ్ 7

ఈ ఊళ్ళో అందరికన్నా ముఖ్యమైన మనిషి నాగూర్‌బీ. వచ్చే ఓడల్ని మాటతో కిందికి దింపేది ఆమే. దిగేటప్పుడు లేచే దుమ్ములో ఓడ కళ్ళు పనిచెయ్యవు. నేలమీద గుర్తులు చూసి ఆమె "ఎడమకి, ఆగు, దిగు" అని చెబుతుంటే ఓడ వింటుంది. ఆమె గొంతు, సింహాద్రి గారి గొంతు తప్ప ఇంకెవరి మాటా వినదు. కెప్టెను కూడా మధ్యలో ఆపగలడు కానీ దింపలేడు.

ఈ రోజు ఆమె నా దగ్గరికి వచ్చింది. ఎక్కిళ్ళు.

"నాకేం రోగం లేదండీ. బానే ఉన్నా. ఎక్. సింహాద్రి గారు పొమ్మంటే వచ్చా" అంది.

నిద్ర ఎలా ఉందంటే బానే ఉందంది. ఆకలంటే బానే ఉందంది. మనోమిత్ర దగ్గరకీ వెళ్ళిందట. అది నలభై ప్రశ్నలడిగితే నలభైకీ బానే ఉన్నానని చెప్పింది. అది ఆమెకి మానసిక ఆరోగ్య పతకం ఇచ్చి పంపింది. జేబులోంచి తీసి చూపించింది కూడా.

పొట్ట మీద చెయ్యివేసి చూస్తూ, ఊరికే కబుర్లు చెప్పించాను. నరసరావుపేటలో వాళ్ళ అమ్మ సంగతి అడిగితే పొట్ట మెత్తగా ఉంది. తిండి సంగతి అడిగినా మెత్తగానే ఉంది.

"నేను రాకముందు వచ్చిన ఓడ సంగతేమిటి? అందరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు" అన్నాను.

నా చేతికింద పొట్ట చెక్కలా బిగుసుకుంది.

"ఏముందండీ. ఒక కాలు గుంటలో పడి, గేదె కూర్చున్నట్టు ఒరిగి కూర్చుంది. ఎవరికీ ఏం కాలా. అంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా. బానే ఉన్నా" అంది నవ్వుతూ.

నోరు నవ్వుతోంది. పొట్ట నవ్వడం లేదు. చేతికింద అంత స్పష్టంగా తెలుస్తున్నదాన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తోచలేదు. తడిపట్టీ వేసి పంపేశాను. వేస్తున్నప్పుడే అది చాలదని తెలుసు.

లాగ్ 8

యాదగిరి వచ్చి ఒక మాట చెప్పాడు. చెప్పేముందు తలుపు మూశాడు.

"డాక్టరమ్మా, గుస్స గాకు. ఆ పొద్దు నువ్వేసిన మట్టి, లిఫ్టెక్కంగనే ఎక్కిలొచ్చి ఊడిపడ్డది. నాకు మట్టితోని తగ్గలే."

"మరి దేనితో తగ్గింది?"

"ఏమో. మీదికి పోయిన. అందరున్నరు. కూసున్నం. తగ్గింది."

వెంటనే గోపురానికి వెళ్ళాను. నాకు ఎక్కిళ్ళు లేవు కనక, లిఫ్టుకి నోరారా "ఎక్కు" అని చెప్పాల్సి వచ్చింది. పైన ముప్పైమంది దాకా ఉన్నారు. కిందికి పోవడానికి వీల్లేక, పనికి పోవాల్సిన అవసరం లేక, గాజు కింద నేలమీద గుంపులుగా కూర్చున్నారు. ఎవరో ముద్దలు తెచ్చుకుంటే పంచుకుని తింటున్నారు. ఒకతను వాళ్ళావిడతో జరిగిన పోట్లాట చెబుతున్నాడు. ఒకావిడ భూమివైపు చూస్తూ కాసేపు ఏడ్చింది, పక్కనున్నావిడ తన కొంగు ఇచ్చింది. సింహాద్రి గారు దగ్గు నటించడం ఒకడు చేసి చూపిస్తే అంతా పడిపడి నవ్వారు. చూస్తుండగానే ఒక్కొక్కరికే ఎక్కిళ్ళు ఆగిపోయాయి. ఆగినవాళ్ళు కూడా వెంటనే లేవలేదు. ఇంకాసేపు ఎక్కిళ్ళు వస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నారు.

కిందికి వచ్చి నా ముద్ద నేను గదిలో తిన్నాను. ఎలా తింటున్నానో మొదటిసారి గమనించాను. నిలబడి, గోడవైపు తిరిగి, నమలకుండా, గాలితో కలిపి మింగేస్తున్నాను. ఊరంతా ఇలాగే తింటోంది. తిండితోపాటు ఎవరికీ చెప్పుకోని మాటలు కూడా మింగుతోంది. కడుపుకి ఈ రెండిటికీ తేడా తెలియదు. ఏదో ఒకటి వెనక్కి తంతోంది.

ఇన్నాళ్ళూ నేను సగం మనిషికే వైద్యం చేశాను. మిగతా సగాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోయాను.

లాగ్ 9

సింహాద్రి గారితో గొడవపడి భోజనశాల తాళం తీయించాను. నియమాలు మూడే. అందరూ కలిసి కూర్చోవాలి, నిదానంగా నమలాలి, పక్కవాళ్ళు "ఏం సంగతి" అని అడిగితే "ఏం లేదు" అనకూడదు. తినేముందు పొట్ట నిండా ఊపిరి పీల్చి వదలడం నేను నేర్పించాను. యాదగిరి చాలా రోజుల తరవాత నిజమైన పప్పు వండాడు. మొదటి ముద్దకే ఇద్దరు ఏడ్చారు. కారం ఎక్కువైందని తరవాత తెలిసింది.

సాయంత్రానికి ఊరు నిశ్శబ్దమైంది. ఎక్కిళ్ళు ఇద్దరికే మిగిలాయి. ఒకరు సింహాద్రి గారు. పై అధికారి పక్కన కూర్చుని తినడానికి ఎవరూ సాహసించలేదు. ఇంకొకరు నాగూర్‌బీ. ఆమె అందరితో కలిసి తింది, నమిలింది, ఊపిరి పీల్చింది. ఏం సంగతని అడిగిన ప్రతివాళ్ళకీ "బానే ఉన్నా" అని చెప్పింది.

రేపే ఓడ వస్తుంది.

లాగ్ 10

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఓడ దించే గదిలో నాగూర్‌బీ మైకు ముందు కూర్చుంది. పక్కన సింహాద్రి గారు. వైద్యానికని నన్నూ ఉండమన్నారు. నేను వేడినీళ్ళ బేసినూ, తడిగుడ్డా పట్టుకుని నిలబడ్డాను. అద్దంలోంచి ఓడ దీపాలు కనబడుతున్నాయి. దాని కెప్టెను రత్నరాజు అనే ఆయన, కోనసీమ మనిషి.

"నమస్కారమండి. వచ్చేశామండి. చెప్పండి" అన్నాడు.

"ఎడమకి" అంది నాగూర్‌బీ. ఓడ ఎడమకి జరిగింది. "దిగు." దిగసాగింది. "ఎక్."

ఓడ ఆగి, పైకి లేచింది.

ఆమె మళ్ళీ "దిగు" అంది. సగం దిగాక మళ్ళీ ఎక్కిలి వచ్చింది. ఓడ మళ్ళీ పైకి పోయింది. ఇలా చాలాసార్లు జరిగింది.

"ఆయ్, కంట్రోలూ. మేం కిందికి వత్తన్నామో పైకి పోతన్నామో కొంచెం చెప్తారాండి? ఇక్కడ జనాలకి వాంతులవుతున్నాయండి. ఇంధనం కూడా అడుక్కొచ్చేసిందండి" అన్నాడు రత్నరాజు.

సింహాద్రి గారు మైకు లాక్కున్నారు. "నేను పర్యవేక్షకుణ్ణి. ఇప్పుడు నేను దింపుతున్నాను. దిగు. ఎక్." ఓడ అంతకుముందుకన్నా పైకి పోయింది. ఆయన మైకు వదిలేసి, "ఏటమ్మా ఇది" అంటూ కుర్చీలో కూలబడ్డారు.

నాగూర్‌బీ చెప్పులు నేనే తీసి పాదాలు వేడినీళ్ళలో పెట్టాను. ఒక చెయ్యి ఆమె పొట్ట మీద వేశాను. రాయిలా ఉంది.

"ఊపిరి వదులు. పీల్చడం తరవాత, ముందు వదులు. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు?"

"బానే ఉన్నా."

"నా చేతికి అలా చెప్పడం లేదమ్మా నీ పొట్ట."

ఆమె నావైపు చూసింది. ఎక్కిలి వచ్చింది. బయట ఓడ ఎగిరింది.

"భయంగా ఉందండీ" అంది ఆఖరికి, చాలా చిన్నగా. "ఆ రోజు ఓడ ఒరిగినప్పుడు అంతా చచ్చిపోయారనుకున్నా. తలుపు తీసుకుని నవ్వుతా వచ్చారు. నేనూ నవ్వా. అప్పట్నుంచీ కళ్ళు మూస్తే ఓడ ఒరుగుతానే ఉంది. ఎవరికీ చెప్పలా. చెప్తే ఇంకెవరు నమ్మి ఓడ ఇస్తారండీ నాకు? నాకు చాలా భయంగా ఉంది."

పొట్ట కాస్త వదులైంది. ఆమె ఏడుస్తోంది, పాదాలు నీళ్ళలో ఉన్నాయి, నేను వెన్ను నిమురుతున్నాను. అప్పుడు చూశాం, మైకు తెరిచే ఉంది.

సింహాద్రి గారు తల పట్టుకున్నారు. కాసేపటికి రత్నరాజు గొంతు వినబడింది.

"అమ్మా నాగూర్‌బీ గారూ. మాకూ భయంగానే ఉందండి. నేను బయల్దేరిన కాడ్నుంచీ భయపడతానే ఉన్నానండి, ఈళ్ళ ముందు బయటపడితే బాగోదని ఊరుకున్నానండి. ఇదిగో, ఇక్కడందరూ చేతులెత్తుతున్నారండి. అందరికీ భయమేనండి. మీరు నిదానంగా దింపండి, తొందరేం లేదండి. ఇంధనం ఒక్కటే తొందరండి."

నాగూర్‌బీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుకి నా చేతికింద పొట్ట నిజంగా నవ్వింది. ఆమె ఊపిరి పూర్తిగా వదిలి, ముక్కు తుడుచుకుని, "కుడికి" అంది. ఆగింది. ఎక్కిలి రాలేదు. "దిగు" అంది. "దిగు. ఇంకొంచెం దిగు. ఆగు. దిగు."

దుమ్ము లేచింది. ఓడ కనబడలేదు. దుమ్ము పడ్డాక చూస్తే నేలమీద నిటారుగా నిలబడి ఉంది.

సింహాద్రి గారికి ఎక్కిళ్ళు ఎప్పుడు ఆగాయో ఎవరూ చూడలేదు. రాత్రి భోజనానికి ఆయన పళ్ళెం పట్టుకుని వచ్చి, యాదగిరి పక్కన కూర్చుని, "నాకూ గుండె ఆగినంత పనైందోయ్" అన్నారు. యాదగిరి ఆయనకి ఇంకో గరిటె పప్పు వేశాడు.

లాగ్ 23

ఊరు మూయడం లేదు. కానీ కంపెనీ నుంచి తాఖీదు వచ్చింది. ఓడ దింపే మనిషి భయమని చెప్పడం ప్రయాణికులకి మంచిది కాదట. ఇకమీద మైకులో ఆ మాట వినబడకూడదట. నేను వాదించాను. నాగూర్‌బీ, "పోనీలెండి, ముందే వచ్చి మీకు చెప్పుకుంటా" అంది. ఈ మధ్య ఆమె నా గదికి రోజూ వస్తోంది. ఒక రోజు పొట్ట చూపించుకుంటుంది, ఒక రోజు ఊరికే కూర్చుని మాట్లాడుతుంది. రెండూ ఒకటే పనని ఇద్దరికీ తెలుసు.

ఈ రోజు మళ్ళీ రత్నరాజు ఓడ వచ్చింది. నాగూర్‌బీ పాదాలు బేసిన్లో పెట్టుకుని, హాయిగా ఊపిరి వదిలి, "ఎడమకి, దిగు" అంది. ఒక్క ఎక్కిలి లేదు. సింహాద్రి గారు తాఖీదు చేత్తో పట్టుకుని వెనకే నిలబడ్డారు. ఓడ చక్కగా దిగుతూ, సగంలో ఆగిపోయింది.

"కంట్రోలూ, ఒక్క మాటండి" అన్నాడు రత్నరాజు. "ఇయ్యాల మీకు భయంగా లేదాండి?"

నాగూర్‌బీ సింహాద్రి గారివైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"పోయినసారి సంగతి ఈళ్ళందరికీ చెప్పానండి. మీరేం చెప్పకపోతే ఇక్కడ మాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదండి. కింద ఏదో అయిందనుకుంటున్నారండి జనం. దిగడానికి ధైర్యం చాలట్లేదండి, ఆయ్."

సింహాద్రి గారు తాఖీదు మడిచి జేబులో పెట్టుకున్నారు. ముందుకి వంగి మైకు దగ్గర నోరు పెట్టారు.

"ఉంది నాయినా. ఆవిడికీ ఉంది, డాక్టర్ గారికీ ఉంది, నాకైతే మరీ ఉంది. ఇంక రండి."

"హమ్మయ్య" అంది ఓడ మొత్తం.

"దిగు" అంది నాగూర్‌బీ.